ఎడబాటులో తల్లి

కడుపుతీపి అనే మాట మనకు కొత్త కాదు. తల్లికి బిడ్డ మీద ఉండే ప్రేమ కడుపులోనే పుడుతుందనీ, దానిని ఎవరూ నేర్పనక్కరలేదనీ, ఏ దూరమూ దానిని తగ్గించలేదనీ మన నమ్మకం. ఈ నమ్మకంలో చాలా సత్యం ఉంది. కాని దీని చాటున ఒక అన్యాయం కూడా జరుగుతోంది. తల్లి ప్రేమ ఎన్నటికీ తరగనిదే అయితే, తల్లీబిడ్డలను విడదీసినా ఆమెకు పోయేదేమీ లేదని తేలికగా అనుకుంటాం. ఎడబాటు తరువాత ఆమె ప్రవర్తన మారితే, ఆ మార్పును ఆమె తప్పుగానే లెక్కకడతాం. ఈ తలంపులు న్యాయమైనవేనా?

ఈ ప్రశ్నకు ఒక చిన్న ప్రాణి కొంత వెలుగు చూపుతుంది. అది ఎలుక.

ఎలుక పిల్లలు పుట్టినప్పుడు వాటికి కళ్ళు తెరచుకోవు, ఒంటిమీద వెంట్రుక ఉండదు. తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. గూటి నుండి జారిపడితే అవి మన చెవికి అందనంత సన్నని స్వరంతో కేకలు వేస్తాయి. తల్లి ఆ కేక విని వచ్చి, నోట కరచుకుని వాటిని తిరిగి గూటికి చేరుస్తుంది. వాటిని నాకి శుభ్రం చేస్తుంది. ఆ నాలుక స్పర్శ లేకపోతే పసికూనలు మూత్రం కూడా సరిగా విసర్జించలేవు.

ఈ తల్లి పట్టుదల ఎంతటిదో శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వార్డెన్ బృందం జరిపి, 1931లో గ్రంథంగా వెలువరించిన ప్రయోగాలలో, కరెంటు పారే జాలిని దాటితేనే కోరినది అందేలా ఏర్పాటు చేశారు. ఆకలిగొన్న ఎలుకలు తిండి కోసం దాటాయి, దప్పిగొన్నవి నీటి కోసం దాటాయి. వాటికంటే ఎక్కువసార్లు దాటింది పిల్లల కోసం తల్లి ఎలుకే. 1969లో ప్రచురితమైన మరొక ప్రయోగంలో, మీట నొక్కిన ప్రతిసారీ ఒక పిల్ల జారి వచ్చేలా అమర్చారు. తల్లి వందలసార్లు మీట నొక్కి, వచ్చిన పిల్లనల్లా గూటికి మోసింది.

ఇంతవరకు మన నమ్మకమే నిజమైంది. కాని విషయం ఇక్కడితో ఆగదు.

కాన్పు అయిన వెంటనే, తల్లి తన పిల్లలను దగ్గరకు తీసుకోకముందే వాటిని తొలగిస్తే, కొద్ది రోజులలోనే ఆమెలో ఆ ఆరాటం చాలావరకు అణగిపోతుంది. కాన్పు తరువాత కొద్దిసేపైనా పిల్లలతో గడిపిన తల్లి అయితే, రోజుల తరబడి దూరమైనా, మళ్ళీ పిల్లలు కనబడగానే త్వరగా చేరదీస్తుంది. అంతేకాదు, జే రోజెన్‌బ్లాట్ అనే శాస్త్రజ్ఞుడు 1967లో వెల్లడించిన సంగతి మరింత ఆశ్చర్యకరం. ఎన్నడూ ఈనని ఆడ ఎలుకల దగ్గర పసికూనలను ఉంచుతూ వస్తే, సుమారు వారం గడిచేసరికి అవి కూడా తల్లుల వలె వాటిని నాకి, గూటికి చేర్చసాగాయి. మగ ఎలుకలు సైతం అలాగే చేశాయి. అంటే కడుపు మొదలుపెట్టిన ప్రేమను చేరువ నిలబెడుతుంది. కడుపున మోయని చోట కూడా చేరువ దానిని పుట్టించగలదు.

ఎడబాటు ఎంతసేపు అనేది కూడా ముఖ్యమే. పిల్లలను రోజుకు పదిహేను నిమిషాలు తీసి మళ్ళీ ఇస్తే, తల్లి వాటిని మునుపటికంటే ఎక్కువగా నాకుతుంది. అదే ఎడబాటు రోజుకు మూడు గంటలై, రెండు వారాలు సాగితే సంగతి వేరు. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, అలా విడదీయబడిన తల్లులను నీటి తొట్టిలో వదిలినప్పుడు, అవి ఈదే ప్రయత్నం మాని ఎక్కువసేపు కదలక ఉండిపోయాయి. దీనిని కుంగుబాటును పోలిన లక్షణంగా వారు భావించారు. అన్ని ప్రయోగశాలలలోనూ ఒకే ఫలితం రాలేదు గాని, ఎడబాటు బిడ్డతో పాటు తల్లిని కూడా తాకుతుందన్న మాటను తోసిపుచ్చలేము.

ఈ జ్ఞానం ఆ మూగ తల్లుల బాధ నుండి వచ్చిందని కూడా మరువరాదు. జంతువులపై ప్రయోగాలు హద్దులలో ఉండి, మానవ ప్రాణాలకు మేలు చేసేవైతే అంగీకరించవచ్చునని 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది. వాటిని అనవసరంగా హింసించడం మానవ గౌరవానికే విరుద్ధమని కూడా చెబుతుంది. అంత వెలపెట్టి తెలుసుకున్నదానిని మన మేలుకు వాడుకోకపోతే ఆ బాధ వృథాయే కదా!

మనిషి ఎలుక కాదు, నిజమే. మనిషికి బుద్ధి ఉంది, స్వేచ్ఛ ఉంది, ఇచ్చిన మాటను నిలుపుకునే శక్తి ఉంది. తల్లి దూరాన ఉండి కూడా బిడ్డ కోసం ప్రార్థిస్తుంది. సమూవేలు తల్లి తన బిడ్డను షిలో దేవాలయంలో అప్పగించి, ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేది. బిడ్డ ఎంత ఎదిగాడో మనసులోనే కొలుచుకుని కుట్టి ఉంటుంది! కాని మనిషి ఉత్త ఆత్మ కూడా కాదు, శరీరం గల జీవి. దేవుని వరప్రసాదం మన స్వభావాన్ని తుడిచివేయదనీ, దానిని సంపూర్ణం చేస్తుందనీ పునీత తోమాసు అక్వినాసు బోధించారు. కనుక తల్లి శరీరానికీ మనసుకూ తగిలిన గాయాన్ని భక్తి మాటలతో కప్పిపుచ్చకూడదు.

పవిత్ర గ్రంథం అలా కప్పిపుచ్చలేదు. యెషయా 49వ అధ్యాయంలో ప్రభువు తన ప్రేమను తల్లి ప్రేమతో పోలుస్తారు. తల్లి బిడ్డను మరవడం ఊహకు అందనిదైనా, అలా జరగవచ్చునని ఆయన ఒప్పుకుంటారు. తాను మాత్రం మరువనని మాట ఇస్తారు. ఎన్నటికీ చలించకుండా ఉండవలసిన భారాన్ని ఆయన తనమీదనే ఉంచుకున్నారు, తల్లి నెత్తిన పెట్టలేదు. మనం మాత్రం ఎందుకు పెడుతున్నాం?

గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి ఎందరో తల్లులు అప్పులు తీర్చడానికో, పిల్లల చదువులకో కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళుతున్నారు. పసిబిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. రెండు మూడేళ్ళకు తల్లి తిరిగి వస్తే, బిడ్డ అమ్మమ్మ కొంగు చాటున దాక్కుంటుంది. ఎత్తుకోబోతే ఏడుస్తుంది. తల్లికి కూడా చేతులు రావు, ఏం మాట్లాడాలో తెలియదు. అది చూసి ఊరు, “డబ్బు చూసి మనసు రాయి అయింది” అంటుంది. ఆమె మనసు రాయి కాలేదు. చేరువ లేక ఎండిపోయింది. ఎండిన నేల నీరు పెడితే మళ్ళీ పచ్చబడుతుంది. ఆ నీరు పేరు కాలం, ఓర్పు.

ఈ విషయంలో వైద్యులు మనకంటే ముందు మేలుకున్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తల్లి ఎదపై ఆనించి పెంచే పద్ధతి 1970ల చివర కొలంబియా దేశపు బొగోటా నగరంలో మొదలైంది. మన దేశంతో సహా ఐదు దేశాలలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే తల్లి ఎదపై ఉంచిన తక్కువ బరువు శిశువులలో నెలలోపు మరణాలు 12 శాతం ఉండగా, ఆలస్యంగా ఉంచిన వారిలో 15.7 శాతం ఉన్నాయి. విడదీయకపోవడమే ఒక మందు అని దీని అర్థం.

మరి విచారణలలో మనమేం చేయగలం? తిరిగి వచ్చిన తల్లిని, “ఏం తెచ్చావు?” అని అడిగే ముందు, “ఎలా ఉన్నావమ్మా?” అని అడగగలం. బిడ్డకు అన్నం పెట్టే పని, నిద్రపుచ్చే పని అమ్మమ్మ మెల్లమెల్లగా కూతురికి అప్పగించవచ్చు. ఆమె ఊరిలో లేనప్పుడు ఆ ఇంటి గడప తొక్కి, బిడ్డ చేత రోజూ తల్లితో ఫోనులో మాట్లాడించవచ్చు. అన్నిటికంటే ముందు, ఆమెను దూరం పంపిన అప్పునూ, పని దొరకని ఊరినీ లెక్కలోకి తీసుకోకుండా ఆమెకు తీర్పు తీర్చడం మానవచ్చు.

సిలువపై వేదనలో ఉన్న మన ప్రభువు కూడా, బిడ్డను కోల్పోతున్న తల్లిని చూశారు. ఆమెను ఒంటరిగా వదలక తన ప్రియ శిష్యునికి అప్పగించారు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని యోహాను సువార్త చెబుతోంది. నేడు ఆ శిష్యుని స్థానంలో ఉన్నది మనమే.