మైకు వినపడని ఇల్లు

తుపాను వస్తోందంటే ఊళ్లో మైకు మోగుతుంది. చెవులు వినపడని మనిషికి ఆ కబురు ఎవరు చేరుస్తారు? బడిలో పునరావాస కేంద్రం తెరిచామంటారు. మెట్లెక్కితే గానీ చేరలేని బడికి చక్రాల కుర్చీ ఎలా వెళ్తుంది? అక్కడి మరుగుదొడ్ల సంగతి సరేసరి!

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ బాధ్యత ఎవరిదో చెప్పింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన పరిధిలోని దివ్యాంగుల వివరాలు రాసి ఉంచాలి, ముప్పు ఉందంటే వారికి తెలియజేయాలి. మంచి మాటే. కానీ అర్ధరాత్రి నీళ్లొస్తే ముందుగా తలుపు తట్టగలిగేది పక్కింటివాళ్లే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. ఆక్సిజన్ యంత్రం మీద బతికేవారికి ఆ చీకటి ప్రాణాల మీదికి వస్తుంది.

మీ వీధిలో ఇలా సాయం అవసరమయ్యేవారుంటే ఇవాళే వెళ్లి మాట్లాడండి. ఎలా పట్టుకుని లేపాలో ఇంట్లోవాళ్లను కాదు, వారినే అడగండి. మందుల చీటీ, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టించండి. తుపాన్ల కాలం వచ్చేదాకా ఆగకండి.