కారణం అనే గడి

రేపల్లె ప్యాసింజరు భట్టిప్రోలు దాటాక ఆ రీసెర్చి అమ్మాయి అడిగింది: ‘‘మీకు పర్సనల్‌గా ఏమన్నా అనుభవం ఉందా సార్?’’

మత్తుమందుల వాడకం మీద ఆమె పరిశోధన. తెనాలి, రేపల్లె, బాపట్లల్లో మా గల్లీల్లోకి తోడు రావడానికి ఉర్దూ, తెలుగూ రెండూ వచ్చిన మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు. ‘‘లేదమ్మా’’ అన్నాను. ఆలోచించుకునే లోపే నోటికొచ్చేసింది.

నిజానికి ఉంది. బాపట్లలో బి.ఏ. చదివే రోజుల్లో సూర్యలంక ఇసుకలో కూర్చుని మూడు నాలుగుసార్లు గంజాయి పీల్చాను. దగ్గొచ్చింది, ఆకలేసింది, అంతే. అది చెప్పడానికి ఇప్పుడు పెద్ద సిగ్గేమీ లేదు. నేను దాచింది ఇంకొకటి. మా అబ్బా సారా తాగేవాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా ఆమె వెంట ఆడవాళ్ళూ సారాకొట్టు మూయించిన సంగతి అందరికీ తెలుసు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది, అది వేరే కథ. మా తెనాలి పేటలో ఆడవాళ్ళు కొట్టు ముందు కూర్చున్నరోజు పక్కింటి అక్క వచ్చి అమ్మీని పిలిచింది. ‘‘రావమ్మా, నువ్వూ వచ్చి కూర్చో.’’ అమ్మీ తలుపు సగమే తెరిచింది. ‘‘మాలో తాగరక్కా. మాకు హరాం’’ అంది. వెనక మంచం మీద అబ్బా వాంతి చేసుకుంటున్నాడు. ఆ చప్పుడు పక్కింటి అక్కకి వినపడింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె మంచితనం అది. అమ్మీ తలుపేసి బకెట్టు కోసం వెళ్ళింది.

పక్కింటాయన తాగితే ఆయన తాగుబోతు. మా అబ్బా తాగితే ‘చూశారా, సాయిబులూ తాగుతారు’. పక్కింటి అక్క ఏడుస్తూ బజారుకెక్కగలిగింది. అమ్మీకి ఏడవడానికి ముందు కౌమ్ పరువు కాపాడే పని ఒకటి అడ్డొచ్చింది. తమాషా ఏమిటంటే తెలుగువాళ్ళు మత్తుకి వాడే మాటల్లో నిషా, కైపు రెండూ మావైపు నించి వచ్చినవే. మాటలు అరువిచ్చాం, అవి మా ఇంటికీ వర్తిస్తాయని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

మత్తు గురించి పరిశోధించేవాడు తన సంగతి చెప్పుకోవాలా? అమెరికాలో హోవర్డ్ బెకర్ గంజాయి పీల్చేవాళ్ళని యాభైమందిని ఇంటర్వ్యూ చేసి 1953లో వ్యాసం రాశాడు. అందులో సగం సంగీతగాళ్ళు, ఎందుకంటే తనూ వాద్యగాడే. లోపలివాడు కాబట్టే వాళ్ళు నోరు విప్పారు. కార్ల్ హార్ట్ అనే నల్లజాతి శాస్త్రవేత్త తను హెరాయిన్ వాడానని 2021లో పుస్తకమే రాశాడు. ధైర్యమే, కాదనను. కానీ అప్పటికి ఆయన కొలంబియా యూనివర్సిటీలో స్థిరపడిన ప్రొఫెసరు. మన దగ్గర 1985 మాదకద్రవ్యాల చట్టం కింద వాడకం కూడా నేరమే. (అదే మొక్క ఆకు, పూతా కాయా అంటకుండా ఉంటే, ఆ చట్టం ప్రకారం గంజాయే కాదు.) పేరు చూసి అద్దెకి ఇల్లివ్వని ఊళ్ళో ఒక ముస్లిం కుర్రాడు పరిశోధన పేరుతో ‘నేనూ వాడాను’ అని రాస్తే దాన్ని నిజాయితీ అని ఎంతమంది అంటారు?

1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గంజాయి కమిషన్ 1193 మంది సాక్షులని విచారించింది. పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగేస్తే ‘కారణం’ అనే గడిలో చాలాచోట్ల గంజాయి అని ఉంది. ఆరా తీస్తే, ఆ గడి నింపింది వైద్యులు కాదు. మనిషిని పట్టుకొచ్చేటప్పుడు పోలీసులూ కిందిస్థాయి అధికారులూ సరైన విచారణ లేకుండానే నింపేశారు. ఎప్పుడో పీల్చాడట, రాసేయ్. నాకు ఆ గడి అంటేనే భయం. నా సంగతి బయటపెడితే మా పేట ముందు ఆ గడి ఎవరు నింపుతారు, ఏమని నింపుతారు?

అటు దాస్తే ఇంకో అన్యాయం. 2019లో ఎయిమ్స్ వాళ్ళ జాతీయ సర్వే వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో 14.6 శాతం మద్యం తాగుతున్నారు, 2.8 శాతం గంజాయో భంగో వాడుతున్నారు అంది. ఇంటింటికీ వెళ్ళి అడిగి తేల్చిన లెక్కలు. అమ్మీ ఇంటికొచ్చి అడిగుంటే సగం తలుపు వెనక నించి ఏం చెప్పేదో నాకు తెలుసు. లెక్కలో లేని మనిషికి డాక్టరూ ఉండడు, మందూ ఉండదు. అబ్బాకి లేదు.

సూర్యలంక గంజాయి నాకేమీ నేర్పలేదు. ఆ తలుపు నేర్పింది. ఈ పనికి నాకేదైనా అర్హత ఉంటే అదే అనుకుంటాను. అయితే ఆ అర్హతనే నేను రైల్లో దాచాను.

రేపల్లెలో ఒక ముసలి ఖాలా ఇంటికి వెళ్ళాం. కొడుకు ఏవో బిళ్ళలకి అలవాటు పడ్డాడని గల్లీలో చెప్పారు. పరదా అవతల మంచం కిర్రుమంటోంది. ఖాలా నాతో ఉర్దూలో అంది: ‘‘బేటా, ఉసే బోల్, హమారే మే ఐసా కుచ్ నై.’’ మాలో అలాంటివేం లేవని చెప్పు. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే మాట. ‘లేవు’ అని తెలుగులోకి మారిస్తే అబద్ధం నాదవుతుంది. ‘ఉన్నాయి’ అంటే ఆమె తలుపుని నేను తన్నినట్టు. ‘‘లేవని చెప్పమంటోంది’’ అన్నాను. ఆ అమ్మాయి పెన్ను ఆపి నావంక చూసింది. ఖాలాకి ఎక్కడ మందు దొరుకుతుందో, ఎవరిని కలవాలో, పోలీసులతో పనిలేకుండా ఎలా వెళ్ళొచ్చో ఉర్దూలో చెప్పి వచ్చేశాను.

తిరుగు రైల్లో నా జవాబు మార్చుకున్నాను. ‘‘నా పేరు రాసుకో, అబ్బా పేరు వద్దు’’ అన్నాను. ‘‘మీ పేరు రాస్తే ఆయన పేరు దాగుతుందా సార్?’’ అంది. దాగదు. ఆపాని అడగకుండా ఒప్పుకునే హక్కు నాకు లేదనిపించింది. ఆయన నా ఒక్కడికే తండ్రి కాదు కదా.

ఇంటికెళ్ళి అడిగాను. ఆపా చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. ‘‘రాసుకో. కూలిడబ్బులొచ్చిన రోజు నాకు గాజులు తెచ్చేవాడు, అది కూడా రాయి’’ అంది.

తెచ్చేవాడు. ఎర్రవి.