పందెం నేర్పే క్రమశిక్షణ

మా తాండా తమ్ముడొకడు ఒక నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టాడు. బెంగళూరులో పని చేసుకుంటూ రాత్రిపూట ఫోనులో పోకర్ ఆడిన రోజుల లెక్క అది. ఏ తేదీన ఎన్ని గంటలు ఆడాడు, ఎంతతో కూర్చున్నాడు, ఎంతతో లేచాడు, ఎక్కడ తప్పు చేశాడు, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. "అన్నా, మీరంతా జూదం చెడ్డదంటారు. బడిలో రాని క్రమశిక్షణ నాకు ఈ ఆటతో వచ్చింది. అబద్ధమా?" అని అడిగాడు.

అబద్ధమని మేము అనలేకపోయాం. మా ఇళ్లలో చేను ఖర్చు కూడా ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం ఒక్కటి లేదు. అందుకే కోప్పడి పంపకుండా, అతని ప్రశ్నను పట్టుకుని కూర్చున్నాం. మా పిల్లలకూ, బడిలో వాళ్లతో రోజూ మాట్లాడే అయ్యవార్లకూ మేము ఆలోచించినది చెప్పాలనిపించింది.

ముందు ఆట సంగతి. పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, మధ్యలో ఐదు ముక్కలు విడతలు విడతలుగా తెరుస్తారు. విడత విడతకూ పందెం కాయొచ్చు, పెంచొచ్చు, ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. క్యాష్ గేమ్ అంటే టేబుల్ మీదున్నది అసలు డబ్బే. ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా మిగిలింది తీసుకుని లేవొచ్చు. ప్రతి కుప్పలోంచి కొంత, సాధారణంగా నూటికి ఐదు రూపాయల దాకా, ఆట నడిపేవాడు తన వాటాగా కోసుకుంటాడు. ఎవరు గెలిచినా ఎవరు ఓడినా ఆ కోత ఆగదు.

తమ్ముడు ఆడింది చిన్న టేబుల్. అక్కడ తప్పనిసరి పందేలు రూపాయి, రెండు రూపాయలు. నోటుబుక్కు మొదటి పేజీలో నాలుగు నియమాలు రాసుకున్నాడు. ఆటకని పక్కన పెట్టింది 6,000 రూపాయలు, ఒకసారి కూర్చుంటే 200 మించి పెట్టకూడదు. రెండుసార్లు 200 పోతే ఆ రోజుకు లేవాలి. కసితో ఆడకూడదు. గెలిచిన రోజు కూడా తప్పులు రాసుకోవాలి.

ఈ నియమాల్లో నిజమైన తెలివి ఉంది. "పోయిన చోటే వెతుక్కోవాలి" అని మనలో సామెత. జూదంలో మనిషిని ముంచేది ఆ మాటే. పోయిన డబ్బును అదే టేబుల్ దగ్గర, అదే రాత్రి, అదే కసితో వెతుక్కోబోయి ఉన్నదీ పోగొట్టుకుంటాడు. రెండు ఓటములకు లేచి రాగలిగినవాడు తన మనసును కొంత గెలిచినట్టే.

ఇంకా పెద్ద పాఠం ఒకటుంది. మంచి నిర్ణయానికి ఎప్పుడూ మంచి ఫలితమే రాదు. పోకర్‌లో అన్నిటికన్నా బలమైన జత రెండు ఆసులు. 221 పంపకాలకు సగటున ఒకసారి పడుతుంది. ఎదుటివాడి దగ్గర రెండు రాజులున్నా, చివరిదాకా పోతే ఆసులు గెలిచేది ఐదింట నాలుగుసార్లే. ఐదోసారి ఓడినవాడు తప్పు చేసినట్టు కాదు. అలాగే పిచ్చి పందెం కాసి గెలిచినవాడు తెలివైనవాడూ కాదు. నిర్ణయాన్ని ఫలితంతో కాకుండా, ఆ క్షణాన తెలిసిన విషయాలతో తూచాలి.

మా మెట్ట సీమలో ఈ పాఠం విలువ మాకు తెలుసు. అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మబ్బులను అడ్డుకుంటాయి. ఈశాన్యపు వాన ఇంత లోపలికి వచ్చేసరికి సన్నబడుతుంది. పదును చూసి, అదను చూసి, ఎర్ర గరప నేలలో వేరుశనగ వేసిన రైతు, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఏమంటాడు? "నా తలరాత" అంటాడు, లేదా "నాదే తప్పు" అంటాడు. ఎన్నో ఇళ్లలో ఆ రెండో మాట మనుషుల్ని లోపల్నుంచి తినేసింది. నీ నిర్ణయం సరైనదే, ఫలితమే నీ చేతిలో లేనిది అని చెప్పేవాడుంటే ఆ మనిషికి ఊపిరాడేది. పరీక్ష తప్పిన పిల్లవాడికీ ఇదే వర్తిస్తుంది.

ఇంతవరకు తమ్ముడు చెప్పింది నిజమే. అయితే నోటుబుక్కు చివరి పేజీ కూడా చదివాం.

అది జూన్ నెల. ఇంటి దగ్గర తొలి వాన పడింది. యాడి ఫోను చేసింది: విత్తనాలకు, సేద్యానికి 12,000 కావాలి, నీ దగ్గర ఎంతుంది? అతని ఆట ఖాతాలో 7,400 ఉన్నాయి. రాత్రికి రాత్రి మిగతాది పూడ్చాలనుకున్నాడు. రూపాయి, రెండు రూపాయల టేబుల్ వదిలి, పది, ఇరవై రూపాయల టేబుల్ దగ్గర కూర్చున్నాడు. 2,000 పోయాయి. మళ్లీ 2,000 పోయాయి. మిగిలిన 3,400 పెట్టినప్పుడు చేతిలో రెండు ఆసులు. ఎదుటివాడివి రెండు రాజులు. చివరి ముక్క రాజు పడింది. యాడి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విత్తనం వేసింది.

"ఆ పంపకంలో నేను తప్పు చేయలేదన్నా" అన్నాడు తమ్ముడు. నిజమే, చేయలేదు. ఆ టేబుల్ దగ్గర కూర్చోవడమే తప్పు. కానీ ఎందుకు కూర్చున్నాడు? అతన్ని అక్కడ కూర్చోబెట్టింది ఆశ కాదు, కసి కాదు. ఇంటి అవసరం. ఆ నాలుగు నియమాల్లో దేనికీ ఆ ఫోను వస్తుందని తెలియదు.

మాకు ఇక్కడే అసలు సంగతి అర్థమైంది. "నీ దగ్గరున్న దాంట్లో చిన్న భాగమే పందెం కాయి" అనేది పోకర్ క్రమశిక్షణకు పునాది. ఆ నియమం పాటించాలంటే ముందు మిగులు ఉండాలి. పోయినా పొయ్యి ఆరని డబ్బు ఉండాలి. మా ఇళ్లలో ప్రతి రూపాయికీ ముందే ఒక పేరుంటుంది: విత్తనం, వడ్డీ, ఆసుపత్రి, చెల్లెలి ఫీజు. ఆటకని పక్కన పెట్టామనుకున్న 6,000కు కూడా ఆ పేర్లలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది, మనం చదవలేదంతే.

గణితం కూడా ఈ మాటే చెబుతుంది. 1654లో ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు పండితులు జూదగాళ్ల లెక్కల మీద ఉత్తరాలు రాసుకున్నారు. సంభావ్యత శాస్త్రానికి అక్కడే దారి పడింది. ఆ దారిలో తేలిన ఒక లెక్కను అయ్యవార్లు తరగతిలో పేక లేకుండా, పైసా లేకుండా చేసి చూపొచ్చు. ఒకడి దగ్గర 100 వేరుశనగ గింజలు, మరొకడి దగ్గర 900. నాణెం ఎగరేసి ఒక్కో గింజ పందెం. ఒకరి గింజలు పూర్తిగా అయిపోయేదాకా ఆట ఆగదు. ఆటలో ఏ మోసమూ లేదు, ఇద్దరికీ సమాన అవకాశమే. అయినా 100 గింజలవాడు మొత్తం గెలిచే అవకాశం పదింట ఒకటే. అంతా పెట్టలేకపోతే 10, 90తో ఆడించినా వచ్చేది అదే లెక్క. తక్కువ ఉన్నవాడు తెలివి తక్కువై ఓడిపోడు, తక్కువ ఉండటం వల్లే ఓడిపోతాడు. ఇక ప్రతి ఆటకూ మూడోవాడు కొన్ని గింజలు కోసుకుంటూ పోతే చెప్పేదేముంది?

నోటుబుక్కులో ఇంకో మాట మమ్మల్ని చాలాసేపు ఆపింది. చాలా తేదీల పక్కన "మంచి టేబుల్" అని రాసి ఉంది. మంచి టేబుల్ అంటే ఏమిటని అడిగాం. "ఆట రానివాళ్లు, పోగొట్టుకున్నా మళ్లీ మళ్లీ డబ్బు వేసేవాళ్లు కూర్చున్నది" అన్నాడు. పోకర్‌లో నిలకడగా గెలవాలంటే అదే అసలు కిటుకట. నీకన్నా బలహీనుడున్న చోటు వెతుక్కో.

ఆ బలహీనుడు ఎవరు? తెర మీద ఒక మారుపేరు, అంతే. అతనూ ఏ కూలీ గదిలోనో కూర్చుని ఉండొచ్చు. అతనికీ ఒక యాడి ఫోను చేసి ఉండొచ్చు. గుంతకల్లులో, తాడిపత్రిలో మట్కా చీటీలు రాసినవాళ్లు మన తాండాలను ఎలా చూశారో మనకు గుర్తుంది. వాళ్లకు మనమే మంచి టేబుల్. పోకర్ టేబుల్ మీద కొత్త డబ్బు పుట్టదు. ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి పోతుంది, దారిలో కొంత తరుగుతుంది. బలహీనుణ్ణి ఓపికగా కనిపెట్టే చూపు కూడా ఒక క్రమశిక్షణే. కాకపోతే అలాంటి చూపు అలవాటైనవాడు తాండాకు తిరిగొచ్చి తోటివాణ్ణి ఏ కంటితో చూస్తాడు?

"మరి సేద్యమూ జూదమే కదా, వాన మీద పందెం కదా" అని తమ్ముడు వాదించాడు. మా పెద్దలూ ఆ మాట అంటుంటారు. రెండూ ఒకటి కావు. చేనులో పంట పండితే పక్క చేనువాడు ఓడిపోడు. నేల గింజకు నాలుగు గింజలు కలిపి ఇస్తుంది. పోకర్ టేబుల్ ఏమీ కలపదు. సేద్యంలో ఆపదను ఎలా తట్టుకోవాలో కూడా ఈ సీమ రైతులు ఎప్పుడో నేర్చారు. వేరుశనగలో అక్కడి సాళ్లు వేస్తారు: కొన్ని సాళ్లు కంది, అలసంద, జొన్న. శనగ పోయినా కంది నిలుస్తుంది, మనిషికి కాకపోతే గొడ్డుకైనా మేత మిగులుతుంది. అన్నిటికీ మించి, విత్తనపు గింజలు ముట్టకూడదనేది మన ఇళ్లలో నియమం. ఆకలేసినా ఆ కుండ దించరు. ఆ కుండలోది ఒక్కరి సొత్తు కాదు, రాబోయే ఏడాదిది.

సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఇదే కదా. ధర్మరాజు తనను తాను ముందు ఓడిపోయాడా, నన్ను ముందు ఓడిపోయాడా? తనది కానిదాన్ని పందెంలో పెట్టే హక్కు అతనికెక్కడిది? ఆ సభలో పెద్దలెవరూ తిన్నగా జవాబు చెప్పలేకపోయారు. మన కాలంలో చర్చ వేరే చోట జరిగింది, ఆటలో నైపుణ్యం ఎక్కువా, అదృష్టం ఎక్కువా అని. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1967లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు అంది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా, దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను వద్దంది. చట్టం టేబుల్‌ను మూస్తుంది. ద్రౌపది ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి. నేను పెట్టేది నాదేనా? పోతే ఎవరి పొయ్యి ఆరుతుంది? గెలిస్తే ఎవరిది ఆరుతుంది?

పేదవాడికి అందరూ క్రమశిక్షణ గురించే చెబుతారు. పొదుపు చెయ్యి, ఓపిక పట్టు, తొందరపడకు అంటారు. అవి మంచి మాటలే. కానీ కాలి కింద కాస్త నేల ఉన్నవాడే ఓపిక పట్టగలడు. మా ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లు తిరిగిన రోజుల్లో ఒంటరిగా పోలేదు, బిడారుగా పోయారు. ఒకరికి ఆపద వస్తే పక్కన పదిమంది ఉండేవాళ్లు. ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలయ్యాయి. కరువులో కూలి దొరుకుతుందన్న నమ్మకమే ఎందరినో వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆపింది. మనిషికి నిలకడ నేర్పేది ఇలాంటి ఆసరా. ఆ జూన్ రాత్రి తమ్ముడికి కావలసింది ఐదో నియమం కాదు. "నా దగ్గర 7,400 ఉన్నాయి, మిగతాది ఎవరు సర్దుతారు?" అని అడగగలిగే పదిమంది. అతను మమ్మల్ని అడగలేదు. అడగొచ్చు అనిపించేలా మేము ఉండలేదు. ఆ తప్పు మా లెక్కలో రాసుకున్నాం.

తమ్ముడికి మేము చెప్పింది ఇంతే. నువ్వు నేర్చింది పారేయొద్దు. లెక్క రాయడం, తప్పును దాచకుండా చూసుకోవడం, ఫలితం చూసి నిర్ణయాన్ని తిట్టుకోకపోవడం, వేళకు లేవడం, ఇవి నీవి. పందెం ఒక్కటి వదిలెయ్. పందెం లేకపోయినా అవి నీతోనే ఉంటాయి.

అతను ఏమీ మాట్లాడలేదు. నోటుబుక్కు మడిచి తీసుకుపోయాడు. మరుసటి జూన్‌లో మేము వాళ్లింటికి పోయినప్పుడు అది గూట్లో ఉంది. వెనకవైపు నుంచి కొత్తగా రాయడం మొదలుపెట్టాడు: వాన పడిన తేదీ, విత్తనం ధర, కూలి, యాడి తెచ్చిన అప్పు, ఇంతవరకు కట్టిన వడ్డీ. అక్కడి సాళ్లు ఎన్ని వెయ్యాలో యాడి చెబుతుంటే రాసుకుంటున్నాడు. తాండాలో పన్నెండు ఇళ్లు కలిసి విత్తనాల కోసం నెలకు ఇంత అని దాచుకుందామని ఆ రోజే అనుకున్నాం. ఆ లెక్క రాసే పని అతనికే ఇచ్చాం.