ఉమ్మడి ఉత్సవమున కర్త యెవరు?

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్ సీమలోని బిలాస్‌పూరును గొప్ప రైలుపట్టణముగా పెంచినది. 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానము. ఉద్యోగార్థమై వచ్చిన ఆంధ్రులు, వంగీయులు, ఉత్కళులు అచట స్థానికులకు ఇరుగుపొరుగులైరి. ఇట్టిచోట ఉత్సవమును కలసి జరుపుటయన్న, ఏ భాషలో భజన, ఎవరి పద్ధతిని పూజ అను చర్చలు తప్పవు. మన మాట నెగ్గనపుడు, తీర్మానమైన పనిని నిండుమనస్సుతో చేయుట కపటము గాదా?

కాదనియే నా తలంపు. దృష్టాంతమునకై రైల్వేవారు దూరము పోనక్కరలేదు. ముందరి స్టేషను ‘లైన్ క్లియర్’ ఈయనిదే స్టేషను మాస్టరు బండిని విడువడు. అందుచే ఆతని అధికారము తగ్గినదని ఎవరందురు? ఒకే పట్టాలపై రెండు బండ్లు ఎదురుపడకుండుటకే ఆ అడుగుట. అభిప్రాయమును విడువనక్కరలేదు, ‘నా ఉత్సవము’ అను మమకారమును విడువవలెను. గీత చెప్పిన లోకసంగ్రహమును గూర్చి వేదికలపై విరివిగా వినుచున్నాము. దానికి పరీక్ష జరుగునది మాత్రము సంఘసభ్యులు కూర్చుండిన చాపమీదనే.

అయినను హద్దు కలదు. చందాల లెక్కలు దాచుట, భోజనమున పంక్తిభేదము పాటించుట – వీనికి పదిమంది ఒప్పిరని తలయూపరాదు. అచట ఒంటరిగానైనను కాదనవలసినదే. హార్మోనియము ఎవరు వాయించవలెననుదానికి సర్దుకొనవచ్చును.