అర్హత ఒక అమానతు



బాధ్యతను ఎవరికి అప్పగించాలి? వంశాన్ని చూసి కాదు, ధనాన్ని చూసి కాదు, అర్హతను చూసి అప్పగించాలన్నది ఇస్లాం బోధన. అమానతులను వాటి హక్కుదారులకే అప్పగించాలని అల్లాహ్ సూరా నిసా 58వ ఆయతులో ఆదేశించాడు. వ్యవహారాలు అనర్హుల చేతికి పోయినప్పుడు ఇక ప్రళయం కోసం ఎదురుచూడవలసిందేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఆయన ఆచరణ కూడా అలాగే ఉండేది. హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో సిరియా వైపు పంపే సైన్యానికి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ను సేనానిగా నియమించారు. ఉసామా నూనూగు మీసాల యువకుడు. తండ్రి జైద్ (రజి) ఒకప్పటి బానిస. హజ్రత్ ఉమర్ (రజి) వంటి పెద్దలు ఆ సైన్యంలో ఉన్నారు. కొందరు పెదవి విరిచారు. తండ్రిలాగే ఇతనూ నాయకత్వానికి తగినవాడేనని దైవప్రవక్త (స) తేల్చి చెప్పారు. మరోవైపు, ప్రియ సహచరులు హజ్రత్ అబూజర్ (రజి) పదవి కోరితే, అది అమానతు అనీ, ఆ భారానికి ఆయన బలహీనులనీ చెప్పి వారించారు. అబూజర్ దైవభీతికి లోటు లేదు. కాని ఆ పనికి కావలసిన శక్తి వేరు.

అయితే అర్హత ఉన్నవాడు 'ఇదంతా నా గొప్పే' అనుకోవచ్చా? ఖారూన్ అలాగే అనుకున్నాడు. తన జ్ఞానం వల్లే సంపద దక్కిందన్నాడు. అల్లాహ్ అతణ్ణి ఇంటితో సహా భూమిలోకి కూర్చివేశాడు. మేటి విలుకాడైన హజ్రత్ సఅద్ (రజి)కి ఇతరులకన్నా తాను మిన్న అన్న భావన కలిగినప్పుడు, మీకు సహాయమూ ఉపాధీ లభించేది మీలోని బలహీనుల మూలంగానేనని దైవప్రవక్త (స) గుర్తుచేశారు.

మన అబ్బాయికి మంచి ర్యాంకు వచ్చింది. కష్టపడ్డాడు, నిజమే. కాని ఆ తెలివి ఎవరిచ్చారు? ఫీజు కట్టే తండ్రిని, వేళకు వండిపెట్టే తల్లిని అతను సంపాదించుకున్నాడా? అదే వీధిలో అంతే తెలివైన అమ్మాయి చదువు మాని బీడీలు చుడుతూ ఉండవచ్చు. ఆమెకు లేనిది తెలివి కాదు, అవకాశం. ప్రసాదించిన అనుగ్రహాలను గురించి తీర్పుదినాన తప్పక ప్రశ్నిస్తారు.

కనుక మస్జిద్ కమిటీలోనైనా, దుకాణంలోనైనా బావమరిదిని కాదు, అర్హుణ్ణి ఎన్నుకోండి. అర్హత చూపే అవకాశమే లేని పేద పిల్లల చదువుకు మీ జకాత్‌లో భాగం కేటాయించండి. మొదటిది న్యాయం, రెండవది ఆ న్యాయానికి పునాది.

అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.