ఉషస్తి నిరాకరించిన నీరు

జ్వరానికి మందుగా అనుమతి పొందిన పానీయాన్ని, జ్వరం తగ్గిన తరువాత కూడా అదే అనుమతిని చూపి సేవించవచ్చునా అన్న ధర్మసందేహానికి జిన్ అండ్ టానిక్ అనే మిశ్రమ మద్యం మంచి ఉదాహరణ. జిన్ అంటే ధాన్యం నుంచి తీసిన సారాకు జూనిపర్ అనే చెట్టు కాయల పరిమళం పట్టించిన మద్యం. టానిక్ అంటే సింకోనా బెరడులో ఉండే కినైన్ అనే చేదు పదార్థం కలిపిన సోడానీరు. 1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కినైన్‌ను వేరుచేశారు. 1858లో ఎరాస్మస్ బాండ్ లండన్‌లో టానిక్ నీటికి పేటెంటు పొందాడు. చేదు కినైన్ గొంతు దిగడానికే మన దేశంలోని ఆంగ్లేయులు దానికి జిన్ చేర్చుకున్నారన్న కథ లోకంలో బాగా నాటుకుపోయింది. అయితే 1868లో ఓరియంటల్ స్పోర్టింగ్ మ్యాగజీన్ ఈ పానీయాన్ని ప్రస్తావించినది గుర్రప్పందాల వినోదం సందర్భంలోనే గాని రోగుల సందర్భంలో కాదు. అప్పటికి మలేరియాకు దోమతో ఉన్న సంబంధమే తెలియదు. దానికి కీలకమైన ఆధారం రొనాల్డ్ రాస్‌కు సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న గాని దొరకలేదు.

ఆపత్కాలంలో మాత్రమే చెల్లే నియమాన్ని మన శాస్త్రాలు ఆపద్ధర్మమన్నాయి. దాని హద్దును ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు. వడగళ్లకు కురుదేశంలో పంటలు నాశనమైనప్పుడు, ఆకలితో ఉన్న ఉషస్తి ఒక ఏనుగుల యజమాని తింటున్న గుగ్గిళ్లను, అవి ఎంగిలివని తెలిసే, అడిగి తీసుకున్నాడు. అతడు నీళ్లు కూడా ఇవ్వబోతే మాత్రం అవి ఎంగిలివంటూ వద్దన్నాడు. గుగ్గిళ్లు ఎంగిలివి కావా అని అతడు అడిగినప్పుడు, అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదనీ, నీళ్లు తాగడం తన ఇష్టానికి సంబంధించినదనీ ఉషస్తి బదులిచ్చాడు. అవసరం ఎక్కడ ముగుస్తుందో అనుమతి కూడా అక్కడే ముగుస్తుందన్న ఈ నిర్ణయం ముందు మందు పేరుతో మద్యాన్ని సమర్థించే వాదం నిలవదు. అమెరికా నిబంధనల ప్రకారం లీటరు టానిక్‌లో కినైన్ 83 మిల్లీగ్రాములకు మించరాదు. మలేరియా చికిత్సలో పెద్దవారికి రోజుకు సుమారు 1,800 మిల్లీగ్రాములు పట్టవచ్చు. కాబట్టి నేటి గ్లాసులో ఔషధమన్నది పేరుకు మాత్రమే.

మద్యమంతా ఈ సాకు మీదనే ఆధారపడిందనుకోవడం కూడా పొరపాటే. మనుస్మృతి సురను గౌడి, పైష్టి, మాధ్వి అని బెల్లం, పిండి, మధువు ఆధారంగా మూడు విధాలుగా విభజించింది. మాధ్విని ఇప్పపూల సారాగా కొందరు వ్యాఖ్యాతలు వివరించారు. ధాన్యంతో చేసే జిన్ పైష్టికి దగ్గరిది. ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్–కట్నీ రైలుమార్గంలో కోటా పట్టణానికి స్టేషనైన కర్గీ రోడ్ పరిసరాల్లో మాధ్వి ప్రశ్న పుస్తకాలకే పరిమితమైనది కాదు. అక్కడి గోండులు ఇప్పసారాను ముందుగా దేవతలకూ పితరులకూ నేలమీద ధారపోసి, ఆ తరువాతనే తాము సేవిస్తారు. అదే ఛత్తీస్‌గఢ్ నేల మీద గిరౌద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ అనుయాయులైన సత్నామీలకు మద్యం నిషిద్ధం. ఈ రెండు మార్గాల్లో దేనికీ ఔషధమన్న సాకు అవసరం లేదు: ఒకటి నివేదనగా బహిరంగంగా స్వీకరిస్తుంది, మరొకటి వ్రతంగా విడిచిపెడుతుంది. రెండింటి నిజాయితీ గౌరవించదగినది.

ఇక ఆస్వాదన విషయానికి వస్తే, ఈ పానీయంలో నిజంగా ప్రశంసించదగినది దాని చేదే. తిక్తరసం స్వయంగా రుచించనిదైనా అరుచిని పోగొడుతుందనీ, జ్వరాన్ని హరిస్తుందనీ చరకసంహిత చెబుతుంది. భోజనానికి ముందు దీన్ని కోరుకునే వారి అలవాటుకు ఇంతకంటే మంచి వివరణ లేదు. నిమ్మచెక్క, ఐసుముక్కలు వేసిన వట్టి టానిక్‌లోనూ ఆ చేదు ఉంటుంది. జిన్ చేర్చేది పరిమళాన్నీ మత్తునూ మాత్రమే. ఆ రెండూ ఉషస్తి వద్దన్న నీళ్ల వంటివే.