వేలు కూడా నాలుకే



కొద్ది నెలల క్రితం ఒక ఆదివారం ఉదయం నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. కోహినూరు వజ్రం తెనాలి పక్కనున్న మన కొల్లూరులోనే దొరికిందట, ఆ సంగతి పదిమందికీ తెలపాలట. సొంత ఊరి గొప్ప గదా! చదివీ చదవగానే మా విచారణ గ్రూపుకు పంపేశాను. దివ్యపూజ ముగిసి గుడి బయటికి రాగానే డిగ్రీ చదివే ఒక అబ్బాయి దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఆ కొల్లూరు మనది కాదండి" అన్నాడు మెల్లగా.

నిజమే. వజ్రాల కొల్లూరు పల్నాడులో, కృష్ణ ఒడ్డున ఉండేది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వర్ణించింది ఆ గనులనే. కోహినూరు పుట్టిల్లని పెద్దలు చెప్పుకొనేదీ ఆ చోటునే. ఇప్పుడది పులిచింతల జలాశయం కింద ఉంది. మనది వరి, పసుపు, అరటి పండే డెల్టా నేల.

"పోనిద్దూ, దీనివల్ల ఎవరికి నష్టం?" అనుకున్నాను. కాని ఒక ప్రశ్న ఆ రోజంతా నన్ను వదలలేదు. ఇదే తొందరలో నేను ఒక మనిషిని గురించిన మాట పంపి ఉంటే?

వెనుక ఒక కబురు పంపాలంటే కార్డు కొనాలి, కలం పట్టాలి, కింద చేవ్రాలు చేయాలి, డబ్బాలో వేసి రావాలి. ఆ నాలుగు పనుల మధ్య ఆలోచనకు చోటు దొరికేది. సామాజిక మాధ్యమాలు పెరిగిన కొద్దీ ఆ చోటు తగ్గిపోయింది. ఫేస్‌బుక్ 2004లో మొదలైంది. 2009లో వాట్సాప్ వచ్చింది. 2016లో జియో రావడంతో ఇంటర్నెట్ చవకై, పొలం గట్టు మీది కూలీ చేతికి కూడా అందింది. పేదవాడికి అందడం మంచిదే. కాని ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి సంస్థలకు ప్రకటనలే ఆదాయం. మన చూపు ఎంతసేపు నిలిస్తే వారికంత లాభం. కోపం, భయం, వింత చూపును బాగా నిలుపుతాయి. నిదానమైన నిజానికి ఆ శక్తి తక్కువ.

దీని ఫలితం 2018లో చూశాము. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ఫోనుల ద్వారా తెలుగునాట పాకింది. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, ఏ పాపమూ ఎరుగని ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. అదే రోజులలో గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరా పంపి, డప్పు వేయించి, పాటలు కట్టించి, వచ్చిన ప్రతి సందేశాన్నీ నమ్మవద్దని చెప్పించారు. ఫోను రేపిన భయాన్ని మనిషి ముఖాముఖి వెళ్ళి చల్లార్చవలసి వచ్చింది. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020లో, చాలా చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చోటికే పంపేలా మార్చింది. వ్యాపార సంస్థే వేగానికి అడ్డుకట్ట వేసుకుంది గదా, మరి మన అంతరాత్మ మాటేమిటి?

"నేను రాయలేదండీ, వచ్చింది పంపానంతే" అంటాము. పాఠకులారా, చాడీ చెప్పేవాడు కూడా ఆ మాటను తాను పుట్టించానని అనడు. మన గ్రూపులోనివారు ఆ సందేశాన్ని నమ్మేది ఎవరు రాశారో తెలిసి కాదు, మీరు పంపారని. అంటే మీ మంచి పేరును దానికి హామీగా పెట్టారన్నమాట. హామీ ఉన్నవాడికి బాకీతో సంబంధం లేదా?

"ప్రమాదం గురించైతే ముందు పంపడమే మేలు" అని మరికొందరి వాదన. ఈ మాటను తేలికగా తోసేయలేము. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, మన మండలంలోని లంకలు మునిగాయి. అటువంటి రాత్రి వేళకు అందిన ఒక కబురు ప్రాణాలు నిలుపుతుంది. కాని కట్ట తెగకుండానే తెగిందని పంపితే? మంచం పట్టిన ముసలమ్మను ఎత్తుకొని ఒక కుటుంబం చీకట్లో పరుగెడుతుంది. రెండుసార్లు అలా మోసపోయినవారు మూడవసారి నిజం చెప్పినా కదలరు. కట్ట దగ్గరున్న వారికి ఒక ఫోను చేయడానికి రెండు నిమిషాలు చాలు.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం పొరుగువాని పేరుకు హాని చేసే పాపాలను విడదీసి చూపుతుంది. ఆధారం లేకుండా తప్పును నమ్మడం ఒకటి. ఉన్న తప్పునే తగిన కారణం లేకుండా తెలియనివారికి చెప్పడం రెండవది. లేనిదాన్ని అంటగట్టడం మూడవది. ఫలానా వారి అమ్మాయి ఫోటో పంపినప్పుడు, అది నిజమైనా రెండవ పాపం మనదే. ఇంకొక మాట కూడా ఉంది. పాపసంకీర్తనంలో క్షమాపణ దొరికినా, చెడగొట్టిన పేరును బాగుచేసే బాధ్యత మిగిలే ఉంటుంది. పంపిన చోటనే తప్పు దిద్దాలి.

ఫోను పారేయమని నేననను. నెత్తురు కావాలన్న కబురు, సమాధి ప్రార్థన వేళ, గల్ఫులో ఉన్న కొడుకు ముఖం, అన్నీ దానిలోనే వస్తున్నాయి. 2023లో వాటికన్ సామాజిక మాధ్యమాలపై వెలువరించిన పత్రం మంచి సమరీయుని ఉపమానాన్నే మన ముందుంచింది. దారిలో పడి ఉన్నవాని ఫోటో తీసి పంపేవాడు కాదు, ఆగి దిగినవాడే పొరుగువాడు. ఆగడమే అక్కడ మొదటి మెట్టు.

పునీత యాకోబు నాలుకను చిన్న నిప్పురవ్వతో పోల్చాడు. నేడు మన బొటనవేలు కూడా నాలుకే. పంపే ముందు ఒక్కటి అడుగుకొందాం: ఈ మాటను ఆ మనిషి ఎదుట నిలబడి, నా పేరుతో చెప్పగలనా?

వజ్రం సంగతి పంపడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. "నేను పంపింది పొరపాటు, మన్నించండి" అని అదే గ్రూపులో రాయడానికి సాయంత్రం దాకా మనసు రాలేదు. ఊరి గొప్ప విషయంలోనే అంత బరువైతే, ఒక మనిషి పరువు విషయంలో ఎంత బరువో! అటువంటి సందేశం మీరూ ఏదైనా పంపి ఉంటే, వచ్చే ఆదివారం పూజకు వెళ్ళే లోపున ఆ రెండు మాటలు రాసేయండి.